క్రిస్మస్ తాత ఎవరివాడు? డిసెంబరు వాదనలను పరీక్షించే విధానం

డిసెంబరు రాత్రుల్లో క్యారల్స్ బృందం వెంట క్రిస్మస్ తాత మన వీధుల్లోకి వస్తాడు. ఎర్రటి శాటిన్ చొక్కా, దూది గడ్డం, గులాబీ రంగు ప్లాస్టిక్ ముసుగు ధరించి ఉంటాడు గాని, మెడ దగ్గరా ముంజేతుల దగ్గరా మన ఊరి కుర్రాడి చామనచాయ కనబడుతూనే ఉంటుంది. సరిగ్గా ఆ చోటునే చూసిన పిల్లవాడొకడు "తాతది ఏ దేశం?" అని అడుగుతాడు. అదే వారంలో పెద్దల ఫోన్లలోకి నాలుగు రకాల జవాబులు వచ్చి పడతాయి. తాత టర్కీవాడని ఒకరు, గ్రీకువాడని ఒకరు, నల్లజాతివాడని మరొకరు, శీతల పానీయాల కంపెనీ పుట్టించిన బొమ్మ అని ఇంకొకరు తేల్చి చెబుతారు. సండే స్కూలులో పాఠం చెప్పేవారికి, సంఘ పత్రికకు వ్యాసం రాసేవారికి, క్విజ్ ప్రశ్నలు తయారుచేసేవారికి ఈ వాదనలను ఎలా పరీక్షించాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా, ఏ తాత?

ఏ వాదన వచ్చినా దాని నిజానిజాలలోకి దిగేముందు, అది ఎవరి గురించి మాట్లాడుతోందో తేల్చుకోవాలి. క్రిస్మస్ తాత అనే ఒక్క పేరు కింద కనీసం నలుగురు ఉన్నారు. మొదటివాడు 4వ శతాబ్దంలో ఆసియా మైనరు (నేటి టర్కీ) దక్షిణ తీరాన బిషప్‌గా ఉన్న నికొలస్. రెండోవాడు, అతడు చనిపోయిన కొన్ని వందల ఏళ్లలో కథల మీద కథలు చేరగా తయారైన పునీత నికొలస్. మూడోవాడు డిసెంబరు 5 రాత్రి పిల్లలకు కానుకలు పంచే డచ్చివారి సింటర్‌క్లాస్. నాలుగోవాడు 19వ శతాబ్దపు న్యూయార్క్‌లో రూపు దిద్దుకున్న సాంటా క్లాజ్. మన వీధిలోకి వచ్చేది ఈ నాలుగోవాడే, అయినా వాదనలో గెలవాలనుకున్నవారు మాత్రం మొదటివాడి పుట్టిన ఊరును తెచ్చి నాలుగోవాడికి అంటగడతారు. కాబట్టి వచ్చిన వాక్యంలో "సాంటా" అని ఉన్నచోట ఈ నాలుగు పేర్లనూ ఒకదాని తరువాత ఒకటి పెట్టి చదవండి. ఏ పేరు పెట్టినప్పుడు వాక్యం నిలబడుతుందో, ఏ పేరు పెట్టినప్పుడు కూలిపోతుందో చూస్తే సగం వాదనలు అక్కడే తీరిపోతాయి.

జాతి అనే మాటను విడగొట్టడం

రెండో పని "జాతి" అనే మాటను ముక్కలు చేయడం. మనం ఆ ఒక్క మాటలో పుట్టిన చోటును, ఏలుబడిని, భాషను, వంశాన్ని, ఒంటి రంగును కలిపేస్తాం. పాత కాలపు మనిషి విషయంలో ఈ అయిదింటికీ అయిదు వేరువేరు జవాబులు రావచ్చు. నికొలస్ విషయంలో అవి ఎలా వస్తాయో చూడండి.

సంప్రదాయం ప్రకారం అతడు పుట్టింది పతరలో, బిషప్‌గా ఉన్నది మూరలో. అపొస్తలుల కార్యములు చదివినవారికి ఈ రెండు ఊర్లూ కొత్తవి కావు. 21వ అధ్యాయంలో పౌలు పతర మీదుగా వెళతాడు, 27వ అధ్యాయంలో ఖైదీగా రోమాకు వెళుతూ లుకియ ప్రాంతంలోని మూర రేవులో ఓడ మారతాడు. ఆ మూరే నేటి టర్కీలో అంతాల్యా రాష్ట్రంలోని దెమ్రె పట్టణం. కాబట్టి పుట్టిన చోటు ఇప్పటి టర్కీ అనడంలో తప్పు లేదు. ఏలుబడి రోమనులది. క్రీ.శ. 212లో కరకల్లా చక్రవర్తి సామ్రాజ్యంలోని స్వతంత్రులకు దాదాపుగా అందరికీ పౌరసత్వం ఇచ్చాడు గనుక, ఆ తరువాత పుట్టిన నికొలస్ రోమన్ పౌరుడే. భాష గ్రీకు. ఆ ప్రాంతానికి ఒకప్పుడు సొంత భాష, సొంత లిపి ఉండేవి. మూర కొండ చరియలో తొలిచిన సమాధుల మీద నేటికీ ఆ రాతలు కనబడతాయి, అయితే క్రీస్తు పుట్టకముందే ఆ భాష శాసనాల నుంచి తప్పుకుని గ్రీకుకు చోటిచ్చింది.

ఇక వంశం. ఇక్కడ చాలామంది పేరును పట్టుకుని ముగించేస్తారు. నికొలస్ అంటే గ్రీకులో విజయం, ప్రజలు అనే రెండు మాటల కలయిక. కాబట్టి మనిషి గ్రీకువాడు అంటారు. మన పల్నాటి పల్లెల్లో దావీదు, అబ్రహాము అనే పేర్లున్నవారు యూదులు కానట్టే, గ్రీకు పేరున్న లుకియవాడు కూడా తాత ముత్తాతల దగ్గర నుంచి గ్రీకువాడు కానక్కరలేదు. పైగా మూర మూసుకుపోయిన పల్లె కాదు. ఐగుప్తు ధాన్యం అలెక్సంద్రియ ఓడల్లో ఈ రేవు మీదుగానే రోమాకు వెళ్లేది, పౌలు ఎక్కిన ఓడ కూడా అలెక్సంద్రియదే. రేవుపేట అండ్రియకెలో హద్రియన్ చక్రవర్తి కట్టించిన ధాన్యపు కొట్టు గోడలు నేటికీ నిలిచి ఉన్నాయి. కరువు కాలంలో నికొలస్ ధాన్యపు ఓడల నుంచి గింజలు దించుకుని ఊరిని కాపాడాడనే కథ పుట్టింది ఇలాంటి రేవులోనే. అన్ని తీరాల మనుషులూ వచ్చి పోయే ఇలాంటి ఊళ్లో ఒక మనిషి వంశాన్ని పేరు చూసి తేల్చడం సాధ్యం కాదు.

ఇప్పుడు "సాంటా టర్కీవాడు" అనే వాక్యాన్ని ఈ అయిదు ప్రశ్నల ముందు నిలబెట్టండి. చోటు విషయంలో అది నెగ్గుతుంది, మిగిలిన వాటిలో ఓడిపోతుంది. తురుష్కులు అనటోలియాలోకి, అంటే నేటి టర్కీ నేల మీదికి, పెద్ద ఎత్తున రావడం 1071లో మంజికెర్టు యుద్ధం తరువాతి మాట. నికొలస్ చనిపోయింది 343 ప్రాంతంలో. మధ్యలో ఏడు వందల ఏళ్ల ఎడం ఉంది. "గ్రీకువాడు" అనేది భాష విషయంలో నెగ్గుతుంది, ఏలుబడి విషయంలో ఓడుతుంది, వంశం విషయంలో రుజువు లేక ఆగిపోతుంది. నన్నడిగితే "గ్రీకు మాట్లాడిన లుకియ ప్రాంతపు రోమన్ పౌరుడు" అని రాయడం అన్నిటికంటే నికరం. కొంచెం పొడుగే అయినా, ఇందులో వెనక్కి తీసుకోవలసిన మాట ఒక్కటీ లేదు.

ఆధారం వయసు అడగడం

మూడో పని ఎక్కువ ఓపిక కోరేది, ఎక్కువ ఫలితం ఇచ్చేది కూడా. ఏ వివరం కనబడినా, దాన్ని మొదట రాసింది ఎప్పుడని అడగాలి. నికొలస్ స్వయంగా రాసిన పుస్తకం గాని ఉత్తరం గాని ఒక్కటీ లేదు. అతని కథల్లో అన్నిటికంటే పాతది 6వ శతాబ్దం నాటికే వాడుకలో ఉన్న ముగ్గురు సేనాధికారుల కథ. అన్యాయంగా మరణశిక్ష పడ్డవారిని బిషప్ కాపాడడం, చక్రవర్తి కలలోకి వెళ్లి నిరపరాధులైన అధికారులను విడిపించడం అందులోని విషయం. గమనించండి, ఆ కథలో కానుకలు లేవు, పిల్లలు లేరు. అందులో ఉన్నది అధికారం ముందు నిలబడి గట్టిగా మాట్లాడిన మనిషి. కట్నాలకు డబ్బు లేని తండ్రి ముగ్గురు కూతుళ్ల కోసం రాత్రిపూట కిటికీలోంచి బంగారు మూటలు విసిరిన కథతో కూడిన మొదటి పూర్తి జీవిత చరిత్ర 9వ శతాబ్దం తొలినాళ్లలో మిఖాయేలు అనే మఠాధిపతి రాసినది. అంటే మనిషికీ చరిత్రకూ మధ్య దాదాపు అయిదు వందల ఏళ్లు గడిచాయి.

ఈ అడుగు వేయకపోతే ఎలా దెబ్బతింటామో నా అనుభవమే చెబుతుంది. ఒకసారి ఒక క్రిస్మస్ ప్రత్యేక సంచికకు వ్యాసం రాస్తూ నికొలస్ తల్లిదండ్రుల పేర్లు ఎపిఫానియసు, నొన్నా అని ధీమాగా రాశాను. చదివిన ఒక పెద్దాయన "ఈ పేర్లు ఏ నికొలస్ తల్లిదండ్రులవి?" అని మాత్రం అడిగి ఊరుకున్నారు. వెతికితే తేలిన సంగతి ఏమిటంటే, అదే లుకియలో 6వ శతాబ్దంలో సియోను మఠానికి అధిపతిగా ఉండి, తరువాత పినర బిషప్ అయి, 564లో చనిపోయిన ఇంకొక నికొలస్ ఉన్నాడు. ఆ పేర్లు ఆయన తల్లిదండ్రులవి. 10వ శతాబ్దంలో పునీతుల చరిత్రలను తిరగరాసిన సిమియోను మెటాఫ్రాస్టిసు నాటికే ఈ ఇద్దరి కథలూ కలిసిపోయాయి. వెయ్యేళ్ల కిందటి పొరపాటును నేను మళ్లీ అచ్చు వేయించానన్నమాట. వంశం మీద వాదించేవారు చాలామంది మొదలుపెట్టేది ఈ తల్లిదండ్రుల పేర్లతోనే గనుక, అవి కనబడగానే ఆగి చూడండి.

నీకయ మహాసభ సంగతీ ఇలాంటిదే. 325లో జరిగిన ఆ సభకు నికొలస్ హాజరయ్యాడని కొన్ని జాబితాలు చెబుతాయి, కొన్నిటిలో అతని పేరు లేదు. సభలో ఉండి, తరువాత దాని గురించి విస్తారంగా రాసిన అతనాసియు అతణ్ని ప్రస్తావించలేదు. క్రీస్తు దైవత్వం విషయంలో సంఘంతో విభేదించిన అరియు వాదిని చెంపదెబ్బ కొట్టాడనే ముచ్చట 14వ శతాబ్దానికి గాని రాతలో కనబడదు. చెంపదెబ్బ చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది గాని, వెయ్యేళ్ల తరువాత వినబడింది.

ఎముకలు ఏమి చెబుతాయి, ఏమి చెప్పవు

ఈ మధ్య వచ్చే వాదనల్లో "శాస్త్రవేత్తలు నిరూపించారు" అనే మాట తప్పకుండా ఉంటుంది. దీన్ని పరీక్షించడానికి ఎముకల ప్రయాణం తెలిసి ఉండాలి. 1087లో ఇటలీలోని బారి పట్టణపు నావికులు మూర చర్చిలోని సమాధిని పగలగొట్టి ఎముకలను ఎత్తుకుపోయారు. మంజికెర్టు జరిగి అప్పటికి 16 ఏళ్లే, ఆ తీరం సెల్జూకు తురుష్కుల చేతిలోకి పోతున్న రోజులవి. తొందరలో వారు వదిలేసిన చిన్న ముక్కలను 1100 ప్రాంతంలో వెనిస్‌వారు పట్టుకుపోయారు. 1950లలో బారి చర్చిని బాగుచేస్తున్నప్పుడు సమాధిని తెరిచి, లుయిజీ మార్టినో అనే శరీరశాస్త్ర ఆచార్యుడు ఎముకలను కొలిచి, పుర్రెకు ఎక్స్‌రేలు తీశాడు. ఆ కొలతల ఆధారంగానే ఈ శతాబ్దంలో బ్రిటన్‌కు చెందిన ముఖ పునర్నిర్మాణ నిపుణురాలు కరోలిన్ విల్కిన్సన్ బృందం ముఖాన్ని తయారుచేసింది. 2014లో లివర్‌పూల్ జాన్ మూర్స్ విశ్వవిద్యాలయంలో దాన్ని మరింత మెరుగుపరిచారు. ఒకప్పుడు విరిగి వంకరగా అతుక్కున్న ముక్కు ఆ ముఖంలో స్పష్టంగా కనబడుతుంది.

ఆ చిత్రాన్ని చూసేటప్పుడు ఒక గీత గీసుకోండి. దవడ వెడల్పు, నుదురు, ముక్కు వంకర కొలతల నుంచి వచ్చినవి. ఒంటి రంగు, కళ్ల రంగు, నెరిసిన గడ్డం మాత్రం ఆ ప్రాంతపు మనుషులు ఎలా ఉంటారో, ఆ కాలపు బొమ్మల్లో గడ్డాలు ఎలా ఉన్నాయో చూసి నిపుణులు ఎంచుకున్నవి. అంటే, తూర్పు మధ్యధరా తీరపువాడు గోధుమ రంగులో ఉంటాడని ముందే అనుకుని ఆ రంగు వేశారు. ఆ చిత్రాన్నే చూపించి "చూడండి, గోధుమ రంగువాడే" అంటే వాదన తన తోకను తానే పట్టుకుని తిరిగినట్టు అవుతుంది. ఊహ సమంజసమైనదే, నేనూ ఒప్పుకుంటాను, కాని అది రుజువు కాదు. 2017లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు నికొలస్‌దిగా చెప్పే కటి ఎముక ముక్క ఒకదాని కాలాన్ని రేడియో కార్బన్ పద్ధతిలో లెక్కగట్టి 4వ శతాబ్దమని చెప్పారు. కాలం కుదిరింది గాని, ఎముక ఎవరిదో కాలం చెప్పదు. అదే ఏడాది దెమ్రె చర్చి నేల కింద పగలని గది ఉందని టర్కీ పురావస్తు అధికారులు ప్రకటించి, బారివారు తప్పు ఎముకలు పట్టుకుపోయి ఉండవచ్చన్నారు. సమాధి ఎక్కడుందో దానితోపాటే యాత్రికులూ వస్తారు గనుక, ఇలాంటి ప్రకటనలు చదివేటప్పుడు ఎవరు ప్రకటించారన్నది కూడా పక్కన రాసి పెట్టుకోండి.

నల్లని పటాలు, నల్లని సేవకుడు

"పాత పటాల్లో నికొలస్ నల్లగా ఉన్నాడు, కాబట్టి ఆఫ్రికావాడు" అనే వాదనకు జవాబు చెప్పేటప్పుడు పటాన్ని పటంగానే చూడాలి. తూర్పు (ఆర్థడాక్స్) సంఘాల పటాల్లో ముఖాన్ని ముదురు పునాది రంగుతో మొదలుపెట్టి, పైన లేత రంగులు పొరలుగా వేస్తారు. ఆ పైన పూసిన నూనె మెరుగు ఏళ్ల తరబడి దీపాల పొగకు నల్లబడుతుంది. ఒకే పటంలో క్రీస్తూ మరియమ్మా కూడా అంతే నల్లగా ఉన్నారా అని చూడడం తేలికైన పరీక్ష. ఉన్నట్లయితే అది చిత్రించే పద్ధతి, పొగ పని. ఇలా అన్నంత మాత్రాన అతడు తెల్లవాడని రుజువైనట్టు కాదు. పటం ఏ వైపూ సాక్ష్యం చెప్పదు.

డచ్చివారి తగాదా వేరు. అక్కడ వివాదం సింటర్‌క్లాస్ మీద కాదు, అతని సేవకుడు "నల్ల పీట్" మీద. సింటర్‌క్లాస్ స్పెయిన్ నుంచి ఆవిరి పడవలో వస్తాడు. బారి కొంతకాలం స్పెయిన్ రాజుల ఏలుబడిలో ఉండడమే అందుకు కారణమని చెబుతారు. పడవ, నల్లజాతి సేవకుడు రెండూ 1850లో యాన్ షెంక్‌మన్ అనే బడిపంతులు రాసిన పిల్లల పుస్తకంతో స్థిరపడ్డాయి. డచ్చి వలస రాజ్యాల్లో బానిసత్వం అప్పటికింకా రద్దు కాలేదు, అది రద్దయింది 1863లో. పీట్ ముఖం పొగగొట్టపు మసి వల్ల నల్లబడిందని తరువాతి కాలంలో చెప్పసాగారు. ఈ వివరణను పరీక్షించడానికి బట్టలు చూడండి. మసి ముఖాన్ని నల్లగా చేస్తుంది సరే, పట్టు బట్టలకు అంటకుండా, జుట్టును ఉంగరాలు తిప్పి, పెదవులకు ఎరుపు పూసి, చెవికి పోగు పెడుతుందా? 2015లో ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన సంఘం ఈ వేషాన్ని మార్చమని సూచించింది. ఇప్పుడు చాలా పట్టణాల్లో బుగ్గల మీద నాలుగు మసి గీతలతో పీట్ కనబడుతున్నాడు, అంటే కథ చెప్పినట్టుగా.

న్యూయార్క్ కాగితాలు

మన వీధి తాత దగ్గరికి ఇప్పుడు వచ్చాం. ఇతని విషయంలో ఎముకలు అక్కరలేదు, అచ్చు కాగితాలు చాలు. సాంటా క్లాజ్ అనే పేరు సింటర్‌క్లాస్ నుంచి వచ్చిందనడంలో తగాదా లేదు. 1773లోనే న్యూయార్క్ పత్రికలో ఆ పేరు కనబడుతుంది. తగాదా అంతా డచ్చి వలసదారులు ఆ పండుగను న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌కు (డచ్చివారి కాలంలో న్యూయార్క్ పేరు అదే) నిజంగా తెచ్చారా అన్నదాని మీదే. 1809లో వాషింగ్టన్ ఇర్వింగ్ అనే రచయిత ఆ పట్టణపు చరిత్రను హాస్యంగా రాసి, నికొలస్‌ను డచ్చి పూర్వీకుల కాపరిగా నిలబెట్టాడు. మరుసటి ఏడాది డిసెంబరు 6న న్యూయార్క్ చారిత్రక సంఘం విందులో జాన్ పింటార్డ్ ఆ పునీతుడి బొమ్మ అచ్చువేయించి పంచాడు. డచ్చి సంస్కరణ సంఘం పునీతుల పండుగలను ఒప్పుకునేది కాదు, వలస కాలపు కాగితాల్లో ఈ ఆచారం జాడ దొరకదు అని చూపించి, చార్లెస్ జోన్స్ అనే చరిత్రకారుడు 1954లో ఈ "డచ్చి వారసత్వం" ఇర్వింగ్ మిత్రబృందం కల్పనే అన్నాడు. ఇళ్లల్లో జరిగే పండుగలు కాగితాలకు ఎక్కవని అవతలివారు అంటారు. నాకు జోన్స్ వైపే బరువు ఎక్కువ కనబడుతుంది, కాని వ్యాసంలో రెండు మాటలూ రాయడం మర్యాద.

రంగు గురించి వెతికేవారు 1823 డిసెంబరు 23న ట్రాయ్ పట్టణపు పత్రికలో పేరు లేకుండా వచ్చిన పద్యాన్ని చదవాలి. క్లెమెంట్ మూర్ దాన్ని తనదన్నాడు, హెన్రీ లివింగ్‌స్టన్ కుటుంబం తమ పెద్దదని అంటుంది. ఎనిమిది దుప్పులు, పొగగొట్టం, బొజ్జ అందులో ఉన్నాయి. ముఖపు రంగు గురించి ఉన్నది గులాబీల్లాంటి బుగ్గలు, చెర్రీ పండులాంటి ముక్కు అన్న ముక్క మాత్రమే. ఎర్ర బట్టల ప్రస్తావన లేదు. ఆ పద్యంలో తాత తల నుంచి కాలి దాకా మసి అంటిన ఉన్ని తోలు కప్పుకుని ఉంటాడు. 1863 నుంచి థామస్ నాస్ట్ అనే చిత్రకారుడు పత్రికలో బొమ్మలు గీసి ఈ రూపాన్ని స్థిరపరిచాడు. అతడు జర్మనీలోని లాండౌలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చినవాడు. మొదటి బొమ్మలోనే తాతకు అమెరికా జెండా నక్షత్రాలు, చారలు తొడిగి, అంతర్యుద్ధంలో ఉత్తరాది సైనికుల శిబిరానికి పంపాడు. కోకాకోలా ప్రకటనలకు హాడన్ సండ్‌బ్లమ్ బొమ్మలు వేయడం మొదలుపెట్టింది 1931లో. అంతకు ముందరి ఎర్ర చొక్కా తాత బొమ్మ ఒక్కటి చూపిస్తే కంపెనీ పుట్టించిందనే వాదన ముగిసిపోతుంది, అలాంటివి బోలెడు దొరుకుతాయి.

సొంత ఊళ్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఫిన్లండ్‌లో కోర్వతుంతురి కొండ తాత ఇల్లయింది 1927లో, ఒక రేడియో కార్యక్రమం వల్ల. రొవానియెమిలో తాత గ్రామం తెరిచింది 1985లో. కెనడా తపాలా శాఖ తాతకు ఇచ్చిన పిన్‌కోడు చదివితే హో హో హో అని వస్తుంది. దెమ్రెలో 2000లో రష్యన్లు బహూకరించిన కంచు బిషప్ విగ్రహాన్ని 2005లో కూడలి నుంచి తొలగించి ఎర్ర చొక్కా ప్లాస్టిక్ తాతను నిలబెట్టారు. ఒకటోవాణ్ని దించి నాలుగోవాణ్ని ఎక్కించారన్నమాట. గ్రీకుల ఇళ్లకు జనవరి 1న కానుకలు తెచ్చేవాడు అసలు నికొలస్ కాడు, కప్పదొకియలోని కైసరయ బిషప్ బసిల్. ఉత్తర ఐరోపా పురాణాల్లోని ఓడిన్ దేవుడి ఎనిమిది కాళ్ల గుర్రం నుంచి దుప్పులు వచ్చాయనీ, సైబీరియా మంత్రగాళ్ల ఎర్ర పుట్టగొడుగుల నుంచి చొక్కా వచ్చిందనీ చెప్పే వాదనలకు పోలికలే తప్ప నడుమ గొలుసు లేదు. గొలుసు అడగండి, సంభాషణ ముగుస్తుంది.

ఇక జవాబు రాయడం. సంచికకైతే నలుగురు తాతలకూ నాలుగు పేరాలు కేటాయించి, ప్రతి వివరం పక్కన అది మొదట కనబడిన శతాబ్దాన్ని పెట్టండి. చిన్నపిల్లలకైతే ఇంత చాలు: "చాలా కాలం కిందట మూర అనే రేవు పట్టణంలో నికొలస్ అనే బిషప్ ఉండేవాడు, గ్రీకు మాట్లాడేవాడు. అతని పేరు దేశాలు తిరిగి అమెరికా చేరాక అక్కడివాళ్లు అతనికి ఈ బట్టలు తొడిగారు. మన తాత వేషం ఎవరు వేస్తే ఆ రోజుకు తాతది వారి రంగే." ఈ చివరి మాట పిల్లలకు వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే ముసుగు వెనుక ఎవరున్నారో వారికి ముందే తెలుసు. గులాబీ ముసుగుకు ఉన్న ఆధారం ఆ పద్యంలోని బుగ్గలూ ముక్కూ మాత్రమే గనుక, ఈసారి ముసుగు మానేసి కుర్రాడికి దూది గడ్డం ఒక్కటే కట్టండి. ఊపిరి కూడా బాగా ఆడుతుంది.